ప్రహేళిక నుండి గళ్ళనుడికట్టు వఱకు



నేను ముప్పదియైదు సంవత్సరములు పల్లెటూరి పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. బాల్యమున మా తాతగారికడ శబ్దమంజరియు, అమరమును, రఘువంశమును చదివితిని. ఇట్టివాడు వార్తాపత్రికలోని నలుపు తెలుపు గళ్ళను గూర్చి ప్రసంగింప వచ్చెనేమి యని మీలో కొందఱికి నవ్వు రావచ్చును. ఒకప్పుడు నాకును ఆ నవ్వే వచ్చెడిది. అది యెట్లు పోయినదో చెప్పుటకే యీ ప్రసంగము. అయితే ముందుగా ఆ గళ్ళ వంశవృక్షమును కొంచెము విన్నవించెదను.

ప్రశ్న వేసి సమాధానమును దాచుట మనవారికి క్రొత్త గాదు. ఋగ్వేదము మొదటి మండలమున 164వ సూక్తమునకు దీర్ఘతమసుడు ఋషి. అందు పండ్రెండు ఆకులుగల చక్రమొకటి ఆకసమున తిరుగుచుండును. దానిపై 720 మంది కొడుకులు జంటలు జంటలుగా నిలిచియుందురు. చక్రము సంవత్సరము, ఆకులు మాసములు, కొడుకులు 360 పగళ్ళును, 360 రాత్రులును. బండిచక్రమును చూచిన ప్రతివాడును విప్పదగిన చిక్కుముడి యిది. మన అవ్వలు ఏడాదిని గూర్చి వేయు పొడుపుకథలు దీనికి చెల్లెండ్రే.

భారతమున యక్షప్రశ్నల ఘట్టము మీరందఱు ఎఱిగినదే. అరణ్యపర్వశేషమును 14వ శతాబ్దమున ఎఱ్ఱన తెనిగించుటచే ఆ ఘట్టము మనకు ఆయన చేతిమీదుగా వచ్చినది. భూమికంటె బరువైనది ఏది, గాలికంటె వడిగలది ఏది అని యక్షుడు అడుగును. తల్లి యనియు, మనస్సనియు ధర్మరాజు చెప్పును. నేటి పిల్లలు సామాన్యజ్ఞాన పరీక్ష యనునది యిట్టిదే. భేదమొక్కటి: అచట తప్పు చెప్పినచో పోవునవి మార్కులు గావు, నలుగురు తమ్ముల ప్రాణములు.

ఈ విద్యకు శాస్త్రమర్యాద కల్పించినవారిలో దండి ముఖ్యుడు. సుమారు 1300 ఏండ్ల క్రిందట ఆయన రచించిన కావ్యాదర్శమున మూడవ పరిచ్ఛేదమందు పదునాఱు విధముల ప్రహేళికలు చెప్పబడినవి. గోష్ఠులలో వినోదమునకును, నలుగురిలోనుండి రహస్యముగా మాటలాడుకొనుటకును, ఎదుటివానిని తికమక పెట్టుటకును అవి పనికివచ్చునని ఆయన మతము. అందు సమాగత యనునది సంధిలో పదమును దాచును. వంచిత యనునది ప్రసిద్ధమైన అర్థమును ముందుకు నెట్టి, మఱియొక అర్థమును వెనుక నిలుపును. నేడు గళ్ళు పూరించువారిని తిప్పలు పెట్టు ఉపాయములు ప్రధానముగా ఈ రెండే.

దండి యిచ్చిన ఉదాహరణ మొకటి నా కెంతయో యిష్టము. ఒక నగరము కలదట. దాని పేరునకు నడుమ ముక్కుతో పలుకు వర్ణమును, ఇరుప్రక్కల కలిపి నాలుగు వర్ణములును ఉండును. ఆ నగరమును ఏలు రాజుల పేరు ఎనిమిది వర్ణములది. ఏ నగరము? ఏ రాజులు? హల్లును, అచ్చును విడివిడిగా లెక్కింపుడు. కకారము, ఆకారము, ఞకారము, చకారము, ఈకారము: కాంచి. పల్లవాః అను మాటను విడదీసినచో విసర్గతో కూడ సరిగా ఎనిమిది. వ్యాకరణము, భూగోళము, చరిత్ర ఈ మూడును తెలియనివానికి ఇది విడిపోదు. తరువాత ధర్మదాసుడు విదగ్ధముఖమండనమను గ్రంథము నంతటిని ఇట్టి చిక్కులతోనే నింపెను.

తెలుగువారు దీనికి మఱియొక మెఱుగు పెట్టిరి. అవధానములలో న్యస్తాక్షరి యను అంశము కలదు. ఫలానా పాదమున ఇన్నవ స్థానమందు ఈ అక్షరమే యుండవలెనని పృచ్ఛకుడు నియమించును. అవధాని ఆ మేకునకు చుట్టును పద్యమును అల్లవలెను. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారలు ఊరూర సభలు చేసి అవధానవిద్యను తెలుగు దేశమంతట చాటిరి. నేటి గళ్ళలో నిలువుమాట తెచ్చియిచ్చిన అక్షరము అడ్డమాటకు న్యస్తాక్షరి గాక మఱేమి? ప్రహేళికకు న్యస్తాక్షరిని తోడు చేసినచో గళ్ళనుడికట్టు అగునని నా తలంపు.

ఇది వినోదమాత్రమే యనుకొనరాదు. తాటాకుప్రతులను పరిష్కరించిన పండితులు చేసిన పనియు ఇదియే. బ్రౌను దొర కడపలో పండితులను నియమించి ప్రతులను సేకరింపజేసి, పోల్చి వ్రాయించెను. వేమన పద్యములను ఆయన 1829లో అచ్చొత్తించెను. పురుగు తిన్న తాటాకులో ఒక మాట పోయినచో దానిని నిలుపుట యెట్లు? ఉత్పలమాలకు పదవ అక్షరమున, చంపకమాలకు పదునొకండవ అక్షరమున, శార్దూలమునకు పదుమూడవ అక్షరమున, మత్తేభమునకు పదునాలుగవ అక్షరమున యతి. పాదముల రెండవ అక్షరమున ప్రాస. గురులఘువులు గణములచే కట్టుబడియుండును. ఇన్ని కట్ల నడుమ పోయిన మాటకు దాగుటకు చోటు తక్కువ. పురుగు చేసిన రంధ్రము పండితునకు పూరింపవలసిన తెల్లగడి. నేటి పత్రికవారు పద్యపాదములో ఒక మాట విడిచి అడిగినపుడు, మీకు పద్యము మఱపునకు వచ్చినను, యతిప్రాసలను పట్టుకొని నడువుడు. అవియే దారి చూపును.

ఇక గళ్ళ కథ. వీని పుట్టుక మనదేశమున గాదు. ఇంగ్లండులోని లివర్‌పూలున పుట్టి అమెరికా చేరిన ఆర్థర్ విన్ అను పత్రికోద్యోగి, 1913 డిసెంబరు 21వ తేదీ న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వజ్రాకారమున మొదటి గళ్ళను ప్రకటించెను. 1924లో ఇట్టి వానికి మొదటి పుస్తకము వెలువడి, ఆ దేశమంత వెఱ్ఱియెత్తెను. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆ యేడే దీనిని కాలము వ్యర్థపుచ్చుట యని గద్దించెను. 1942లో తానే గళ్ళను ప్రకటింప మొదలిడెను. గద్దించినవారే దాసులగుట మీరు జ్ఞాపకముంచుకొనుడు. నా సంగతియు అట్టిదే.

తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర యంతటి కవులు పత్రికలకు గళ్ళు కూర్చిరి. దీనిని కొందఱు గళ్ళనుడికట్టు అనిరి. కొందఱు పదబంధప్రహేళిక యనిరి. దండి నాటి పేరు మరల నాలుకపైకి వచ్చుట చూడుడు. ఇంగ్లీషువారికి గడికి ఒక్క వర్ణము. మనకు గడికి ఒక్క అక్షరము. స్త్రీ యను మాటకు ఎన్ని హల్లులు కలిసినను ఒక్క గడియే చాలును. అందుచే రెండు మాటలు ఒక్క గడిలో కలిసికొనుట మన భాషలో దుర్లభము. క యున్నచోట కా పనికిరాదు. కూర్చువానికి ఇది కష్టము. పూరించువానికి ఇది వరము. ఏలయన, ఒక్క అక్షరము దొరకినచో సగము మాట దొరకినట్లే.

ఇప్పుడు నా సంగతి. ఉద్యోగము విడిచిన క్రొత్తలో, ప్రొద్దుపోక ఒక పత్రికలోని గళ్ళను పట్టుకొంటిని. నా యీడు రైతొకడు, అయిదవ తరగతితో చదువు చాలించినవాడు, సాయంకాలము మా అరుగుమీద వచ్చి కూర్చుండెడివాడు. ఒకనాడు అడ్డము ఆధారమిట్లుండెను: ఒక్క నోట గొని మూడు త్రోవల విడుచును, గడులు నాలుగు. నేను క్షణమైన ఆలోచింపలేదు. స్వర్గమర్త్యపాతాళముల పాఱునది గంగ, త్రిపథగ. నాలుగక్షరములు సరిపోయెను. సిరాతో వ్రాసి మీసము దువ్వుకొంటిని.

తరువాత నిలువు ఆధారములు. పోతన భాగవతము అష్టమస్కంధమున మొసలికి చిక్కినవాడు: గజేంద్రుడు. ఇందు సందేహమేమి? కాని అడ్డమాటలోని మూడవ గడి దీనికి మొదటిగడి. నా లెక్కచొప్పున ఆ యేనుగు పేరు థజేంద్రుడు కావలసివచ్చెను! విక్రమార్కచరిత్ర కర్త యెవరనగా జక్కన; అదియు అడ్డమాట మొదటి గడిలోనే పడి నా త్రిపథగను తలక్రిందులు చేసెను. గంగను కొట్టివేసితిని. జ, ఒక ఖాళీ, గ, ఒక ఖాళీ మిగిలినవి. జలగలు అని వ్రాయబోతిని. ఒక్క నోట రక్తము గొనును సరే, మూడు త్రోవలెక్కడివి? నిఘంటువులు తిరుగవేసితిని. ప్రొద్దు గ్రుంకెను.

నా అవస్థ చూచి ఆ రైతు, “ఏంది పంతులుగారూ, అంత తంటా?” అనెను. ఆధారమును చదివి వినిపించితిని. అతడు నవ్వి, “అది మా గొర్రు మీది జడ్డిగం గాక ఇంకేంది? గింజ నోట్లో బోస్తే మూడు చాళ్ళల్లో పడుద్ది” అనెను. జడ్డిగము. నాలుగు గడులును నిండెను.

శ్రోతలారా! నాగలికి లాంగలము, హలము, గోదారణము, సీరము అని నాలుగు పేర్లు ఎనిమిదవ యేటనే వల్లించినవాడను. ముప్పదియైదేండ్లు రైతుబిడ్డలకు భాష నేర్పినవాడను. వారి గొర్రుమీది గిన్నెకు పేరేమో నేను ఒక్కనాడైనను అడుగలేదు. అంతటితో పోలేదు. ఒక సంగతి జ్ఞప్తికి వచ్చి నాకు నిద్ర పట్టలేదు. నా తరగతిలో పిల్లలు ఒకరినొకరు పొడుపుకథలు అడుగుకొనుచుండగా, అవి మోటుమాటలు, పరీక్షలో రావు అని నేను బెత్తము చూపి నోళ్ళు మూయించియుంటిని. దండి ప్రహేళికలను అదే బల్లమీద మెచ్చుకొనుచునే ఆ పని చేసితిని. ఆ పిల్లలకు నేడు నలుబది, ఏబది యేండ్లు. వారి అవ్వలు గతించిరి. ఆ కథలలో ఎన్ని వారికి జ్ఞప్తి యున్నవో!

నా రైతు మిత్రుడును గతించి రెండేండ్లయినది. అతని యింట ఇప్పుడు ట్రాక్టరుతో విత్తుదురు. మొన్న పరామర్శకు పోయినపుడు అతని మనుమడు అటకమీది చెక్కగిన్నె యొకటి చూపి, “ఇది ఎందుకు తాతా?” అని నన్ను అడిగెను. నేను చెప్పగలిగితిని. ఎవరివలన చెప్పగలిగితినో అదియు చెప్పితిని.

గొర్రు పోవుట తప్పని నేననను. కాలము మాఱును, పనిముట్లు మాఱును. కాని మాటను దాచుకొనుటకు గాదె అక్కఱలేదు. ఒక పొడుపుకథ చాలును. ప్రశ్న యున్నంతవఱకు సమాధానమును వెదకువాడొకడు ఉండును. దీర్ఘతముని చక్రము అట్లే మనదాక దొర్లివచ్చినది.

కావున పెద్దలారా! రేపు మీ యింటికి పత్రిక వచ్చినపుడు మనుమలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ గళ్ళను పూరింపుడు. పద్యము వారికి రాకున్న మీరు చెప్పుడు. క్రొత్త సంగతులు మీకు తెలియకున్న వారిని అడుగుడు. పిదప మీ పొలములోని, మీ వంటయింటిలోని మాటను ఒకదానిని దాచి పొడుపుకథగా వేయుడు. వారు విప్పలేకున్న వెంటనే చెప్పివేయకుడు. ఒక రాత్రి వారిని ఆలోచింపనిండు.