శాస్త్రిగారు గోధుమలు, మేం గోంగూర

ఆ హీటరు కాస్త ఇటు జరపరా కన్నా, సెగ నా మోకాళ్ల దాకా రావాలి. చలిమంట వేద్దామంటే పొగ, కాలుష్యం అని ఒప్పుకోరు, ఇక ఈ ఎర్ర కడ్డీల ముందే పాత ముచ్చట్లు. నిన్న మీ అమ్మ ఫోన్లో గోంగూర తెప్పించింది చూశావుగా, అన్నం ఉడికేలోపు గుమ్మంలోకి వచ్చేసింది. నేను కాపురానికి వచ్చిన రోజుల్లో ఢిల్లీలో గోంగూర తినాలంటే ముందు దాని విత్తనం బెజవాడలో జి.టి. ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. రెండు రాత్రులు ప్రయాణం చేయాలి. దిగాక మొలవాలి.

మాది సరోజినీ నగర్. పాతవాళ్లు అప్పటికింకా వినయ్ నగర్ అనే అనేవారు. మీ తాతయ్యకి సెంట్రల్ గవర్నమెంటులో గుమస్తా ఉద్యోగం, దాంతోపాటు క్వార్టరూను. గదులు అగ్గిపెట్టెలే గానీ వెనకాల నేల ఉండేది. అది చూసి ఎంత మురిసిపోయానో! తీరా గునపం దింపితే ఠంగుమంది. అంతా ఇటుకముక్కలు, రాళ్లు. పక్కనే పిలంజీ అని పల్లె ఉంది, అక్కడ గేదెలుండేవి. పేడ తట్టలతో మోయించి, వేపాకులూ ఎండుగడ్డీ కలిపి వానాకాలమంతా మాగబెడితేగానీ ఆ నేల మెత్తబడలేదు.

కూరలకేం, ఢిల్లీలో కూరలకి కరువా అంటావు. చలికాలం వస్తే బఠాణీ, కాలీఫ్లవరు, ఎర్ర క్యారెట్టు, ముల్లంగి, బండ్లకొద్దీ చవగ్గా దొరికేవి. అవన్నీ తింటూనే ఉండేవాళ్లం. దొరకనివి వేరు. పప్పులోకి పసుపుపచ్చ దోసకాయ లేదు. పోపులో వేయడానికి కరివేపాకు రెబ్బ లేదు. పులుపంటే వాళ్లకి నిమ్మకాయ, ఆమ్‌చూరు. తెలుగువాళ్ల పెరడు పుట్టింది డబ్బు మిగల్చడానికి కాదురా, ఈ లోటు పూడ్చుకోడానికి.

ఇంతలో 1965 వచ్చింది. ఒకపక్క పాకిస్తాన్‌తో యుద్ధం, ఇంకోపక్క వానల్లేవు. అమెరికా నుంచి పి.ఎల్. 480 గోధుమలు ఓడల్లో వస్తేనే రేషను షాపు తెరుచుకునేది. ఇప్పుడు ఖాళీ స్థలం కనిపిస్తే చాలు వయ్యారిభామ మొలుస్తుంది చూడు, అది ఆ గోధుమలతోనే వచ్చిందని చెప్పుకునేవారు. లాల్ బహదూర్ శాస్త్రిగారు సోమవారం రాత్రి భోజనం మానమన్నారు. మానాం. హోటళ్లు కూడా ఆ పూట మూసేశారు. ఖాళీ నేల ఉన్నవాళ్లంతా ఏదో ఒకటి పండించమన్నారు. ఊరికే అనలేదు, 10 జన్‌పథ్‌లో తన బంగళా పచ్చికని దున్నించి గోధుమలు వేశారు. తానే నాగలి పట్టారు. ప్రధానమంత్రి పెరట్లో గోధుమలంటే గుమస్తా పెరడు ఊరుకుంటుందా? మీ తాతయ్య సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే, "మనమూ గోధుమలు వేద్దామోయ్" అన్నారు. "ఆ జానెడు నేలలో గోధుమలు వేస్తే రెండు చపాతీలకి వస్తాయి, అవి మీరు తింటారా, నన్ను తినమంటారా?" అన్నా. ఆయన నవ్వేసి ఊరుకున్నారు. శాస్త్రిగారు గోధుమలు వేశారు, మేం గోంగూర వేశాం.

ఇందులో ఓ తమాషా ఉంది. రేషను కార్డు మీద మనకిచ్చే బియ్యం అసలే కొంచెం. కంచంలో గోంగూర పచ్చడి ఉంటే ఎవరికైనా నాలుగు ముద్దలు ఎక్కువే దిగుతాయి. దేశానికి మేం ఆదా చేశామో ఖర్చు పెట్టామో ఆ దేవుడికే ఎరుక!

ఇక్కడి వాతావరణానికి మన లెక్కలు నడవవు. గోంగూర విత్తనం ఆషాఢంలో మొదటి వాన పడ్డాక జల్లాలి. దీపావళి నాటికి పూత మొదలవుతుంది, ఆ తర్వాత ఆకు ముదిరి పీచెక్కుతుంది. రెండు మొక్కల్ని తెంపకుండా విత్తనానికి వదిలేసేదాన్ని. దోస గింజలు హోలీ కాగానే పెట్టాలి. ఆలస్యమైతే జ్యేష్ఠంలో లూ వడగాలి కొట్టి పాదు వడిలిపోతుంది. కరివేపాకుతోనే అసలు గండం. పుష్యమాసపు మంచుకి ఆకంతా రాలి పుల్లలు మిగిలేవి. చచ్చిపోయిందని పీకేసినవాళ్లు ఎంతమందో! నేను గోనెపట్టా చుట్టి, నీళ్లు బాగా తగ్గించేసి అలా వదిలేసేదాన్ని. ఫాల్గుణంలో చిగురు పెట్టగానే పుల్ల మజ్జిగ పోసేదాన్ని. బెండ గింజలు మాత్రం ఇక్కడి పూసా సంస్థ నుంచి తెచ్చేవారు మీ తాతయ్య. ఆ పూసా అసలు బీహార్లో ఊరు. 1934 భూకంపంలో అక్కడి వ్యవసాయ పరిశోధనా సంస్థ భవనం దెబ్బతింటే, 1936లో సంస్థని ఢిల్లీకి మార్చారు, పేరు దాంతోపాటే వచ్చింది. అక్కడ తయారైన రకమే పూసా సావనీ. ఆకు ఈనెలు పసుపుపచ్చగా మారిపోయే తెగులు ఉంది చూడు, ఆ రోజుల్లో దాన్ని తట్టుకున్న బెండ అదే. పేనుబంక పడితే బూడిద చల్లడమే మందు. అదీ పిడకల బూడిదే సుమా, అంగీఠీ కుంపట్లో రాక్షసిబొగ్గు బూడిద కాదు.

పక్కింటి పంజాబీ ఆవిడది లాహోరు. దేశ విభజనప్పుడు అన్నీ వదిలి వచ్చినవాళ్లు. ఓసారి గోంగూర పచ్చడి రుచి చూపిస్తే మొహం చిట్లించింది. మర్నాడు గిన్నె పట్టుకుని మళ్లీ వచ్చింది. పరాఠాలోకి నంజుకున్నారట! బదులుగా బథువా కట్ట ఇచ్చింది. చూద్దును కదా, మన చక్రవర్తి కూర! ఆవిడ పెరుగులో కలిపి రాయతా చేసేది, నేను కందిపప్పులో వేసేదాన్ని. ఆ తర్వాత మా మధ్య గోడకి అటూ ఇటూ వెళ్లని ఆకు లేదు.

ప్రమోషను వస్తే పెద్ద క్వార్టరిచ్చేవారు. సామాను లారీ ఎక్కుతుంది, కరివేపాకు చెట్టు ఎక్కదుగా. వదిలేసి వెళ్లాల్సిందే. మనం దిగబోయే ఇంట్లో ఎవరో వదిలిన మునగ చెట్టుంటే అదృష్టం. ఏ వీధిలోనైనా గోడ మీదుగా కరివేపాకు కనిపిస్తే, ఈ ఇంట్లో ఎప్పుడో ఓ దక్షిణాదివాళ్లు ఉండి వెళ్లారన్నమాటే. బెంగాలీవాళ్లు దిగిన ఇంట్లో నా చెట్టు చాలా ఏళ్లు బతికింది. మనవాళ్లంతా వాళ్ల తలుపు తట్టి రెబ్బలు అడిగేవారట, పాపం.

2016లో ఇలాంటి గవర్నమెంటు క్వార్టర్ల కాలనీలు ఏడు పడగొట్టి కొత్తవి కట్టాలని నిర్ణయించారు. సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్ అన్నీ అందులోవే. 2018లో చెట్లు కొట్టడం మొదలెడితే జనం చెట్లని కావలించుకుని నిలబడ్డారు, హైకోర్టు నరకడం ఆపించింది. వాళ్ల గొడవంతా పెద్ద పెద్ద వేప, నేరేడు చెట్ల గురించి. న్యాయమే. పెరటి మునగకీ కరివేపాకుకీ లెక్కల్లో చోటుందో లేదో మరి. పాత క్వార్టర్లు మురికివాడల్లా అయ్యాయని మీ నాన్న అంటాడు. అదీ అబద్ధం కాదు, మా ఇంటి పైకప్పు పెచ్చులు కంచంలో రాలేవి.

అందుకని ఈ నోయిడా బాల్కనీని చూసి నేనేం ఏడవనురా. తూర్పు ఎండ పడుతుంది, అది చాలు. నర్సరీవాడి దగ్గర ఆ కొబ్బరి పొట్టు మూటలు కొనకు, సగం మట్టి, సగం మాగిన పేడ కలిపి తెచ్చుకో. హోలీ వెళ్లగానే దోస గింజలు పెడదాం, పాదు గ్రిల్లు మీదకి పాకిద్దాం. కోతుల సంగతి మీ నాన్న చూసుకోవాలి, పదకొండో అంతస్తు దాకా ఎక్కుతున్నాయి వెధవలు.