బ్యాంకు షేర్లు కొంటే ఒక ట్యాక్స్.. బ్యాంక్ ఈటీఎఫ్ కొంటే మరో లెక్క.. తేడా ఎక్కడొస్తుందో తెలుసా?

బ్యాంకు షేర్లంటే మనవాళ్లకు ముందు నుంచీ ఒక నమ్మకం. ఎఫ్‌డీ వేసిన బ్యాంకు షేరే కొంటే పోలా అనుకునేవాళ్లు చాలామంది. అయితే అవే బ్యాంకులను విడివిడిగా కొనడానికి, అన్నిటినీ కలిపి ఒకే ఈటీఎఫ్ రూపంలో కొనడానికి చేతికొచ్చే డబ్బులో తేడా ఉంటుంది. కారణం ట్యాక్స్. ఆ తేడా ఎంత, ఎక్కడ లాభం, ఎక్కడ బొక్క పడుతుందో చూద్దాం.

ఈటీఎఫ్ అంటే ఎక్స్‌ఛేంజ్ ట్రేడెడ్ ఫండ్. మ్యూచువల్ ఫండే, కాకపోతే షేర్ లాగా మార్కెట్ టైమింగ్స్‌లో డీమ్యాట్ అకౌంట్ నుంచి కొనొచ్చు, అమ్మొచ్చు. బ్యాంక్ ఈటీఎఫ్ అయితే బ్యాంక్ నిఫ్టీలో ఏ బ్యాంకు ఎంత శాతం ఉందో అదే నిష్పత్తిలో షేర్లు పెట్టుకుంటుంది. మన దేశంలో బ్యాంక్ బీస్ పేరుతో 2004 నుంచే ఇది ఉంది. ఇప్పుడు చాలా ఫండ్ సంస్థలు ఇలాంటివి నడుపుతున్నాయి.

ఒకే బ్యాంకు మీద పెడితే ఏమవుతుందో 2025 మార్చిలో చూశాం. డెరివేటివ్స్ లెక్కల్లో తేడాలున్నాయని ఇండస్‌ఇండ్ బ్యాంక్ ప్రకటించిన మర్నాడు, మార్చి 11న, ఆ షేర్ ఒక్కరోజే దాదాపు 27 శాతం పడిపోయింది. బ్యాంక్ నిఫ్టీ మాత్రం ఆ రోజు ఒక్క శాతం కూడా పడలేదు. ఈటీఎఫ్ ఉన్నవాళ్లకు దెబ్బ తగిలింది కానీ గీరుకుపోయినంతే.

రేట్లు రెండిటికీ ఒకటే.. మరి తేడా ఎక్కడ?

అమ్మినప్పుడు వచ్చే లాభం మీద పన్ను రేటు షేర్లకైనా, బ్యాంక్ ఈటీఎఫ్‌కైనా ఒకటే. 2024 జులై 23 నుంచి ఉన్న రూల్ ఇది. కొన్నాక 12 నెలలు దాటకుండా అమ్మితే లాభంపై 20 శాతం. 12 నెలలు దాటాక అమ్మితే ఏడాదికి రూ.1.25 లక్షల లాభం వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. రెండిటి మీదా 4 శాతం సెస్ అదనం.

ఉదాహరణకు రూ.5 లక్షలు పెట్టారు, అది రూ.8 లక్షలైంది. లాభం రూ.3 లక్షలు. ఏడాదిలోపు అమ్మేస్తే సెస్‌తో కలిపి రూ.62,400 కట్టాలి. ఏడాది దాటాక అమ్మితే రూ.1.25 లక్షలు పోను మిగిలిన రూ.1.75 లక్షల మీదే పన్ను, అంటే రూ.22,750. కొన్ని వారాలు ఆగితే రూ.39,650 మిగిలేదాన్ని 11వ నెలలో అమ్మేసుకునేవాళ్లు ఎంతమందో! నెలనెలా సిప్ లాగా కొనేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ప్రతి కొనుగోలుకూ 12 నెలల లెక్క విడిగా ఉంటుంది. డీమ్యాట్‌లో ముందు కొన్న యూనిట్లే ముందు అమ్మినట్టు లెక్కిస్తారు.

సరే, ఈటీఎఫ్‌కి అదనంగా వచ్చే లాభమేంటి? మొదటిది డివిడెండ్. బ్యాంకులు ఏటా డివిడెండ్ ఇస్తుంటాయి. షేర్లు మీ పేరు మీద ఉంటే ఆ డబ్బు మీ జీతంతో కలిపి మీ శ్లాబ్ ప్రకారం పన్ను పడుతుంది. 30 శాతం శ్లాబ్‌లో ఉన్నవాళ్లకు రూ.20,000 డివిడెండ్ వస్తే సెస్‌తో రూ.6,240 పోయినట్టే. పైగా ఒక కంపెనీ నుంచి ఏడాదిలో రూ.10,000 దాటితే 10 శాతం టీడీఎస్ ముందే కట్ చేస్తారు. అదే ఈటీఎఫ్ అయితే డివిడెండ్ ఫండ్‌కి వెళ్తుంది. మ్యూచువల్ ఫండ్ ఆదాయానికి పన్ను మినహాయింపు ఉంది కాబట్టి ఆ డబ్బు మొత్తం ఎన్ఏవీలో కలిసిపోతుంది. మీరు అమ్మిన రోజే పన్ను ప్రశ్న వస్తుంది, అది కూడా ఏడాది దాటితే గరిష్ఠంగా 12.5 శాతమే. అదే రూ.20,000 మీద సెస్‌తో రూ.2,600. అయితే ఈటీఎఫ్ తనే డివిడెండ్ పంచే రకమైతే ఈ లాభం ఉండదు. అది మళ్లీ మీ శ్లాబ్‌లోకే వస్తుంది. కొనేముందు చూసుకోండి.

రెండోది, ఇండెక్స్‌లో మార్పులు. బ్యాంక్ నిఫ్టీని ఆరు నెలలకోసారి సమీక్షిస్తారు. ఒక బ్యాంకు పోతుంది, ఇంకోటి వస్తుంది. మీరే షేర్లతో ఇది చేస్తే అమ్మిన ప్రతిసారీ పన్ను లెక్క. ఫండ్ లోపల జరిగితే మీకు సంబంధం లేదు.

మూడోది ఎవరూ పట్టించుకోని ఎస్‌టీటీ. షేర్లు డెలివరీకి కొన్నా, అమ్మినా 0.1 శాతం. పై ఉదాహరణలో కొన్నప్పుడు రూ.500, అమ్మినప్పుడు రూ.800. ఈటీఎఫ్ కొంటే సున్నా, అమ్మితే 0.001 శాతం, అంటే రూ.8. అక్షరాలా ఎనిమిది రూపాయలు! ఎస్‌టీటీని లాభంలోంచి ఖర్చుగా చూపించుకునే వీలు కూడా లేదు కాబట్టి అది పోయిన డబ్బే.

రూ.12 లక్షల దాకా పన్ను లేదు కదా అనుకుంటే..

ఇక్కడే అసలు మెలిక. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి రూ.12 లక్షల ఆదాయం వరకు రిబేట్‌తో పన్ను సున్నా అవుతుంది. కానీ ఆ రిబేట్ ఈ ప్రత్యేక రేట్ల లాభాలకు వర్తించదు. జీతం మీద పన్ను వర్తించే ఆదాయం రూ.10 లక్షలు, ఏడాదిలోపు ఈటీఎఫ్ అమ్మగా వచ్చిన లాభం రూ.50,000 అనుకోండి. మొత్తం కలిపి రూ.12 లక్షలు దాటలేదు. అయినా రూ.50,000 మీద సెస్‌తో రూ.10,400 కట్టాల్సిందే. ఐటీఆర్ వేసేటప్పుడు గానీ చాలామందికి ఇది తెలియట్లేదు.

వేరే ఆదాయం లేని గృహిణులు, పెద్దవాళ్ల సంగతి వేరు. కొత్త విధానంలో రూ.4 లక్షల బేసిక్ మినహాయింపులో వాడుకోని భాగాన్ని ఈ లాభాలకు సర్దుకోవచ్చు. అలాగని భర్త డబ్బులిచ్చి భార్య పేరు మీద కొంటే? ఆ లాభం భర్త ఆదాయంలోనే కలుపుతారు. మన ఇళ్లలో బాగా జరిగే పని ఇది. మేజర్ అయిన పిల్లలకో, అమ్మానాన్నలకో గిఫ్ట్‌గా ఇస్తే ఈ క్లబ్బింగ్ రూల్ వర్తించదు.

ఇంకో మాట, బ్యాంక్ ఈటీఎఫ్‌లో పెడితే 80సీ మినహాయింపు రాదు.

ఏటా రూ.1.25 లక్షలు వదిలేయొద్దు

రూ.1.25 లక్షల మినహాయింపు ఆ ఏడాదికే. వాడుకోకపోతే వచ్చే ఏడాదికి కలవదు. అందుకే మార్చి 31లోపు ఆ మేరకు లాభం వచ్చే యూనిట్లు అమ్మి, తిరిగి కొనడం కొందరు చేస్తుంటారు. కొన్న ధర పెరిగినట్టు అవుతుంది కాబట్టి రేపు కట్టాల్సిన పన్ను తగ్గుతుంది. అయితే అదే రోజు అదే ఈటీఎఫ్‌ని అమ్మి కొంటే ఇంట్రాడే కింద లెక్కేస్తారు. మర్నాడు కొనాలి, లేదంటే అదే రోజు వేరే సంస్థ బ్యాంక్ నిఫ్టీ ఈటీఎఫ్ తీసుకోవాలి. కొత్తగా కొన్నవాటికి 12 నెలల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మిగతా షేర్లు, ఈక్విటీ ఫండ్ల లాభాలకూ కలిపి రూ.1.25 లక్షలే అన్నది మర్చిపోకండి.

షేర్లకే లాభముండే చోటు కూడా ఒకటుంది. ఒక బ్యాంకు బాగా పడిపోతే ఆ షేరొక్కటే నష్టానికి అమ్మి, వేరే లాభాల్లోంచి ఆ నష్టాన్ని తీసేయొచ్చు. ఏడాదిలోపు నష్టమైతే రెండు రకాల లాభాల్లోంచీ, ఏడాది దాటిందైతే దీర్ఘకాలిక లాభాల్లోంచి మాత్రమే. గడువులోగా ఐటీఆర్ వేస్తే మిగిలిన నష్టాన్ని 8 ఏళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు. ఈటీఎఫ్‌లో ఆ ఒక్క బ్యాంకునీ విడదీయలేం.

పన్నులో మిగిలింది కొనే దగ్గర పోగొట్టుకోకూడదు కూడా. ట్రేడింగ్ తక్కువగా ఉండే ఈటీఎఫ్‌లలో మార్కెట్ ధర అసలు విలువ కంటే ఎక్కువ ఉంటుంది ఒక్కోసారి. ఫండ్ సైట్‌లో ఐఎన్ఏవీ చూసి, మార్కెట్ ఆర్డర్ కాకుండా లిమిట్ ఆర్డర్ పెట్టండి. డీమ్యాట్ లేనివాళ్లు ఇదే ఇండెక్స్ మీద నడిచే ఇండెక్స్ ఫండ్ తీసుకోవచ్చు. దానికీ పన్ను రేట్లు ఇవే. ఎఫ్‌డీలాగా రూ.5 లక్షల డిపాజిట్ ఇన్సూరెన్స్ మాత్రం వీటిలో దేనికీ లేదు.

అమెరికాలో ఉన్నవాళ్లు ఆగండి

డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటూ ఇక్కడ బ్యాంక్ ఈటీఎఫ్ కొందామనుకునే తెలుగువాళ్లకు పైన చెప్పిన లెక్కంతా తలకిందులవుతుంది. సిటిజెన్లు, గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లతో పాటు హెచ్1బీ మీద అక్కడ పన్ను కట్టే వాళ్లకు ఇండియా మ్యూచువల్ ఫండ్లు, ఈటీఎఫ్‌లు పీఎఫ్ఐసీ కిందకు వస్తాయి. ఫారం 8621 వేయాలి, పన్ను లెక్క కూడా భారంగా ఉంటుంది. ఇక్కడేమో ఎన్ఆర్ఐలకు రూ.4 లక్షల బేసిక్ మినహాయింపును ఈ లాభాలకు సర్దుకునే వీలు లేదు. అమ్మానాన్నల పేరు మీద కొందామనుకుంటున్నారా? వాళ్లకు మీరిచ్చే డబ్బుకు ఇండియాలో గిఫ్ట్ పన్ను ఉండదు, ఆ లాభం మీద పన్ను లెక్క కూడా వాళ్ల ఆదాయంలోనే చూస్తారు. అయితే యూనిట్లు కూడా వాళ్లవే అవుతాయి.