డెస్క్‌టాప్ మెనూల ఏకరూపత: చారిత్రక నేపథ్యం

ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రామైనా, లెక్కల పట్టికైనా, బొమ్మలు గీసేదైనా, చాలావాటిలో పై వరసన ఎడమ పక్క ‘ఫైల్’, దాని పక్కనే ‘ఎడిట్’, చివర ‘హెల్ప్’ కనిపించడం మీరు గమనించే ఉంటారు. ఈ అమరిక దానంతట అది వచ్చింది కాదు. దీని వెనుక కంపెనీల పోటీ ఉంది, ఒక పెద్ద కోర్టు వ్యాజ్యం కూడా ఉంది.

మదనపల్లె, పుంగనూరు వంటి పట్టణాల్లో టైపు ఇన్‌స్టిట్యూట్ల సరసన కంప్యూటరు సెంటర్లు వెలుస్తున్న రోజుల్లో అభ్యాసకులు నేర్చుకున్నవి ‘ప్యాకేజీలు’. డాస్ మీద నడిచే ఆ ప్యాకేజీల్లో దేని పద్ధతి దానిదే. రాసింది భద్రపరచాలంటే వర్డ్‌స్టార్‌లో కంట్రోల్‌తో కె, ఆ తర్వాత ఎస్ నొక్కాలి. వర్డ్‌పర్ఫెక్ట్‌లో ఎఫ్10. లోటస్ 1-2-3లో ముందు ఏటవాలు గీత మీటను నొక్కి మెనూ తెచ్చుకోవాలి. ఎఫ్1 లోటస్‌లో సహాయం చూపిస్తుంది. అదే మీట వర్డ్‌పర్ఫెక్ట్ 5.1లో చేస్తున్న పనిని రద్దు చేస్తుంది. ఒకటి నేర్చినవారు రెండోదాని దగ్గరికి వస్తే మళ్లీ ఓనమాలే. ఫీజు కూడా మళ్లీ కట్టాల్సిందే.

ఈ చిక్కును మొదట గట్టిగా పట్టించుకున్నది ఆపిల్ సంస్థ. 1983లో లీసా, 1984 జనవరిలో మెకింటాష్ తెర పై అంచున మెనూ వరసతో వచ్చాయి. ఆ యంత్రానికి ప్రోగ్రాములు రాసే ఇతర కంపెనీలు కూడా అదే పద్ధతి పాటించాలని ఆపిల్ నియమావళి ప్రచురించింది. 1987లో ఐబీఎం కూడా తన అన్ని రకాల యంత్రాలకు వర్తించే ఉమ్మడి నియమాలను ప్రకటించింది. ఎఫ్1 అంటే సహాయం, ఆల్ట్‌తో ఎఫ్4 అంటే మూసివేత అనేవి అక్కడివే. ఆదేశం పేరు పక్కన మూడు చుక్కలుంటే, పని జరిగే ముందు కంప్యూటరు మిమ్మల్ని ఇంకేదో అడుగుతుందని అర్థం. ఇంత చిన్న గుర్తుకు కూడా ఒక నియమం ఉంది!

అయితే మెనూ ఎవరి సొత్తు? క్వాట్రో అనే లెక్కల ప్రోగ్రాములో బోర్లాండ్ కంపెనీ లోటస్ మెనూలోని మాటలను, వాటి వరసను యథాతథంగా పెట్టింది. లోటస్‌కు అలవాటుపడినవారు తడబడకుండా మారగలగాలన్నది దాని ఉద్దేశం. 1990లో లోటస్ దావా వేసింది. వివాదంలో ఉన్నవి 50కి పైగా మెనూల్లోని 469 ఆదేశాలు. అమెరికా అప్పీలు కోర్టు 1995లో మెనూ అమరికను పనిచేయించే పద్ధతిగా భావించి, దానికి కాపీరైటు వర్తించదని తీర్పు చెప్పింది. 1996లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 4-4గా చీలిపోవడంతో ఆ తీర్పే నిలిచింది. అది మరోలా వచ్చి ఉంటే, ఒక ప్రోగ్రాములో అలవడిన చేతివాటం మరోదానిలో పనికి రావడం కష్టమయ్యేది.

1995లో వచ్చిన విండోస్ 95తో ఈ ఏకరూపత చిన్న పట్టణాలకూ చేరింది. పేజ్‌మేకర్‌లో శుభలేఖలు కూర్చే డీటీపీ పనివారు కోరల్‌డ్రా తెరిచినా ‘ఫైల్’ కోసం వెతుక్కోనక్కరలేదు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవారు కూడా మాటను చదివి కాక, చోటును బట్టి పని నేర్చుకున్నారు. నా దృష్టిలో ఏకరూపత అందరికంటే ఎక్కువగా ఉపయోగపడింది వీరికే.

మెనూలు తెలుగులోకి వచ్చేసరికి చోటు అలాగే ఉంది, మాట మాత్రం చెదిరింది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే కుప్పంలో 2002లో హ్యూలెట్-ప్యాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ‘ఐ-కమ్యూనిటీ’ పథకం చేపట్టి సమాచార కేంద్రాలు తెరిచింది. ఇంగ్లీషు చదవలేని గ్రామీణులకు కంప్యూటరు దగ్గరవుతున్నప్పుడు, మెనూలో ఏ మాట ఉండాలన్నది తప్పించుకోలేని ప్రశ్న. విండోస్ ఎక్స్‌పీతో తెలుగు లిపి సదుపాయం 2001లోనే వచ్చింది. తర్వాత మైక్రోసాఫ్ట్ ‘ఫైల్’ అనే మాటనే ఉంచుకుంది. లినక్స్‌పై పనిచేసే గ్నోమ్ అనువాదకులు ‘దస్త్రం’ అన్నారు. ‘ఎడిట్’కు సవరణ, సవరించు, సరికూర్పు అని రకరకాల రూపాలు వచ్చాయి. ‘దస్త్రం’ కరణాల కాలం నాటి చక్కని మాటే. కాకతాళీయమే కానీ, మెకింటాష్ వచ్చిన 1984 జనవరిలోనే మన రాష్ట్రంలో కరణాల వ్యవస్థ రద్దయింది.

ఇక్కడ ఏ మాట మంచిదన్న దానికంటే, ఒక భావానికి అంతటా ఒకే మాట ఉండటం ముఖ్యం. ఇంగ్లీషు మెనూలకు పెద్ద సంస్థల నియమావళులు అండగా ఉన్నాయి. తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మెనూల బరువు చాలావరకు తీరిక వేళల్లో పనిచేసే స్వచ్ఛంద అనువాదకుల మీద పడింది. తరచుగా వచ్చే మెనూ పదాలకు భారతీయ భాషల్లో ప్రామాణిక జాబితాలు తయారుచేసేందుకు 2008లో ‘ఫ్యూయెల్’ అనే ప్రయత్నం మొదలైంది. అప్పటికే వేరువేరు మాటలు వాడుకలోకి వచ్చేశాయి.

అభ్యాసం: మీకు అందుబాటులో ఉన్న రెండు ప్రోగ్రాములను తెలుగులో తెరిచి, ‘ఫైల్’, ‘ఎడిట్’, ‘వ్యూ’, ‘సేవ్’ అనే నాలుగింటికి ఏయే మాటలు వాడారో పట్టికగా రాయండి. తేడా కనిపించిన చోట, కంప్యూటరు అలవాటు లేని మీ ఇంటి పెద్దలకు ఏ మాట వెంటనే అర్థమయిందో అడిగి, దాని పక్కన నమోదు చేయండి.