వోల్టేజి, కరెంటు తెలిస్తే నిరోధం, వాట్లు లెక్కకట్టడం ఎలా?

ఇస్త్రీ పెట్టె, గీజరు, నీళ్లు కాచే రాడ్డు... వేడి చేసే ఏ వస్తువు కొన్నా దాని మీద చిన్న అక్షరాలతో రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి వోల్టులు, రెండోది వాట్లు. కొనేటప్పుడు ధర చూస్తాం, వారంటీ అడుగుతాం, ఈ రెండూ చూడం. తీరా ప్లగ్గు నల్లబడి, వైరు కాలిన వాసన వచ్చాక ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తాం.

ముందు ఒక మాట. ‘కరెంటు పోయింది’ అని మనం అంటాం గానీ అసలు పోయేది వోల్టేజి. అది లేకపోతే కరెంటు ఎలాగూ పారదు. ఇంటి మీద ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే నీళ్లు అంత జోరుగా వస్తాయి కదా, వోల్టేజి అలాంటి ఒత్తిడి. తీగలో పారేది కరెంటు, దాని కొలత ఆంపియర్. ఆ పారేదాన్ని అడ్డుకునే గుణం నిరోధం, దాని కొలత ఓమ్. జర్మనీ శాస్త్రవేత్త గియోర్గ్ సైమన్ ఓమ్ 1827లో వెలువరించిన సూత్రమే ఇక్కడ ఆధారం.

నిరోధం = వోల్టేజి ÷ కరెంటు
సామర్థ్యం (వాట్లు) = వోల్టేజి × కరెంటు

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. ఒక ఇస్త్రీ పెట్టె 4.35 ఆంపియర్లు తీసుకుంటోందనుకుందాం. 230ని 4.35తో భాగిస్తే సుమారు 53 ఓమ్‌ల నిరోధం. రెండూ గుణిస్తే 1000 వాట్లు. వెయ్యి వాట్లు ఆగకుండా గంట నడిస్తే మీటరులో ఒక యూనిట్ తిరుగుతుంది. ఇస్త్రీ పెట్టె వేడెక్కాక తనంతట తానే ఆగి, మళ్లీ వెలుగుతూ ఉంటుంది కాబట్టి గంట వాడినా యూనిట్ కంటే తక్కువే అవుతుంది.

ఇంట్లో ఎక్కువగా పనికొచ్చేది దీని తిరగేసిన లెక్క. వాట్లను 230తో భాగిస్తే ఎన్ని ఆంపియర్లో తెలుస్తుంది. 2000 వాట్ల గీజరుకు 8.7 ఆంపియర్లు. చిన్న సాకెట్ 6 ఆంపియర్లది, అంటే 1380 వాట్ల వరకే. పెద్దది 16 ఆంపియర్లది, 3680 వాట్లు మోస్తుంది. కాబట్టి గీజరు చిన్న సాకెట్‌కు పెట్టేది కాదు. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు నాలుగు రంధ్రాలుంటే నాలుగూ వాడుకోవచ్చనుకోవడం కూడా పొరపాటే. 6 ఆంపియర్ల బోర్డుకు 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె, 1500 వాట్ల కెటిల్ కలిపి పెడితే దాదాపు 11 ఆంపియర్లు పారతాయి.

పై రెండు సూత్రాలనూ కలిపితే మరో రెండు వస్తాయి.

వాట్లు = కరెంటు × కరెంటు × నిరోధం
వాట్లు = వోల్టేజి × వోల్టేజి ÷ నిరోధం

ప్లగ్గు ఎందుకు కాలుతుందో మొదటిది చెబుతుంది. పిన్ను వదులైతే అక్కడ కొంత నిరోధం చేరుతుంది. అది అర ఓమ్ అనుకుంటే, 8.7 ఆంపియర్ల గీజరు నడిచినప్పుడు ఆ ఒక్క చోటే సుమారు 38 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మెకానిక్ చేతిలోని చిన్న సోల్డరింగ్ ఐరన్‌కు ఉండే వేడి అంతే! అదే చోట 4.35 ఆంపియర్లే పారితే వేడి తొమ్మిదిన్నర వాట్లు. కరెంటు సగమైతే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది.

రెండోది లో వోల్టేజి సంగతి తేలుస్తుంది. 2000 వాట్ల గీజరు కాయిల్ నిరోధం సుమారు 26.5 ఓమ్‌లు. వోల్టేజి 180కి పడిపోతే అదే గీజరు దాదాపు 1220 వాట్లే ఇస్తుంది. నీళ్లు ఆలస్యంగా కాగితే తప్పు గీజరుది కాకపోవచ్చు.

గల్ఫ్ నుంచి సామాను తెచ్చుకునే కుటుంబాలకు ఇదే సూత్రం ఇంకా ముఖ్యం. సౌదీ అరేబియాలో చాలాకాలం ఇళ్లకు 127 వోల్టుల సరఫరా ఉండేది. అక్కడి 127 వోల్టుల, 1000 వాట్ల పాత ఇస్త్రీ పెట్టె నిరోధం సుమారు 16 ఓమ్‌లు. దాన్ని ఇక్కడ 230కి పెడితే 1000 కాదు, దాదాపు 3280 వాట్లు లాగుతుంది. కరెంటు 14 ఆంపియర్లు దాటుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ కూడా దీన్ని ఆపదు, ఎందుకంటే అది దాని హద్దులోనే ఉంది. కాయిల్ కాలే దాకా ఎవరికీ తెలియదు. అలాంటి వస్తువుకు దాని వాట్లను మోయగల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిందే. స్టిక్కర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే ఈ బెడద లేదు, ఫోన్ ఛార్జర్లు చాలావరకు ఇలాంటివే.

ఈ లెక్కలు సూటిగా సరిపోయేది కాయిల్ వేడెక్కే వస్తువులకే. ఫ్యాను, ఫ్రిజ్, నీళ్ల మోటారు వంటి వాటిలో వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వచ్చేది వోల్ట్ ఆంపియర్లు. అసలు వాట్లు అంతకంటే తక్కువ ఉంటాయి. ఇన్వర్టర్ల మీద వాట్లకు బదులు ‘వీఏ’ అని రాసేది అందుకే. పాత ఫిలమెంట్ బల్బు తీరు వేరు: 60 వాట్ల బల్బుకు వెలుగుతున్నప్పుడు దాదాపు 880 ఓమ్‌లు ఉంటే, చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటరు అందులో చాలా కొద్ది భాగమే చూపిస్తుంది. మీటరు చెడిపోయిందనుకోనక్కర్లేదు, తీగ వేడెక్కితే నిరోధం పెరుగుతుంది.

మల్టీమీటరుతో ఓమ్‌లు కొలిచేటప్పుడు ప్లగ్గు పూర్తిగా పీకేయాలి. స్విచ్ ఆపితే చాలదు. వైరింగ్ తారుమారైన ఇళ్లలో స్విచ్ ఆపినా ఫేజ్ లోపలే నిలిచి ఉంటుంది.