ఇళ్ల చుట్టూ పొదల తొలగింపు (కాలిఫోర్నియా)

కార్చిచ్చు ఇళ్లకు అంటుకోకుండా చుట్టూ ఎండుగడ్డి కోసి, పొదలు కొట్టి, చెట్లను పలచబరచడం అమెరికాలోని కాలిఫోర్నియాలో చట్టబద్ధమైన బాధ్యత. అలా బాగుచేసిన జాగాను అక్కడ ‘డిఫెన్సిబుల్ స్పేస్’ అంటారు.

నిప్పుతోనే అడవిని పలచగా ఉంచే విద్య కరుక్, యురోక్ వంటి ఆదివాసీ తెగలకు ఏనాటి నుంచో ఉంది. అదను చూసి చిన్న మంటలు పెట్టేవారు. వలస పాలకులు దాన్ని నేరం చేశారు. 1935లో అమెరికా అటవీ శాఖ, ఏ మంటనైనా మర్నాడు ఉదయం 10 గంటలకల్లా అదుపు చేయాలని నియమం పెట్టుకుంది. దాంతో కాలిఫోర్నియా ఉత్తరాది అడవుల్లో ఏళ్ల తరబడి ఎండుకట్టె పేరుకుంది. దక్షిణాది చాపరల్ పొదల కథ వేరు. అవి సహజంగానే దట్టం.

1961 నవంబరులో అలాంటి పొదల నడుమే, లాస్ ఏంజలెస్‌లోని బెల్ ఎయిర్‌లో 484 ఇళ్లు కాలిపోయాయి. చెక్క కప్పుల నుంచి లేచిన నిప్పురవ్వలను గాలి ఇంటింటికీ మోసింది. ఆ దశకంలోనే ఇంటి చుట్టూ 30 అడుగుల మేర శుభ్రం చేయాలన్న రాష్ట్ర చట్టం వచ్చింది. 1991 అక్టోబరులో ఓక్లాండ్ కొండల్లో రేగిన కార్చిచ్చుకు 25 మంది చనిపోయారు, సుమారు 3,000 ఇళ్లు పోయాయి. 2005 నుంచి హద్దు 100 అడుగులైంది.

హద్దు ఇలా పెరుగుతుండగానే పరిశోధన చూపు గోడ దగ్గరికి మళ్లింది. అటవీ శాఖ శాస్త్రవేత్త జాక్ కోహెన్ బృందం 1990ల చివర్లో కెనడా అడవిలో చెక్కగోడలు నిలబెట్టి, ఎదుటి చెట్లకు మంట పెట్టి చూసింది. 10 మీటర్ల దూరంలోని గోడలు కొన్ని అంటుకున్నాయి. 20 మీటర్ల దూరంలోనివి అంటుకోలేదు. అంటే, చాలా ఇళ్లను కాల్చేది ఎదురుగా వచ్చే జ్వాల కాదు; చూరు కాలువలోని ఎండుటాకుల్లోనో, గోడకు ఆనించిన కట్టెల మోపులోనో పడ్డ రవ్వ. దూరపు అడవిని నరకడం కన్నా చీపురు పట్టడమే ముందు పని అన్నమాట.

2020 చట్టం గోడ నుంచి 5 అడుగుల్లో రవ్వకు అంటుకునే వస్తువేదీ ఉండకూడదంది. నిబంధనలు మాత్రం నాన్చుడులో పడ్డాయి. 2025 జనవరిలో లాస్ ఏంజలెస్ ప్రాంతంలో పాలిసేడ్స్, ఈటన్ కార్చిచ్చులు 16,000కు పైగా కట్టడాలను బూడిద చేశాక, ఆ నిబంధనలను తేల్చాలని గవర్నర్ గావిన్ న్యూసమ్ ఆదేశించారు. 100 అడుగుల నియమానికీ ఓ పెద్ద లోటుంది: ఇంటి యజమాని బాధ్యత సాధారణంగా తన స్థలం సరిహద్దు వరకే. ఇళ్లు ఇరుకిరుకుగా ఉన్న వీధిలో పక్కవాళ్లూ కలిసిరాకపోతే ఆ 100 అడుగులు కాగితం మీదే ఉంటాయి.