ఎర్దిగ్ ఎస్టేటు బగ్గీశాల: వాస్తు – శ్రమచరిత్ర

ఉపోద్ఘాతం

ప్రభువుల భవనాల చరిత్ర రాసేటప్పుడు పరిశోధకుల దృష్టి సాధారణంగా ముఖద్వారం, విందుశాల, గ్రంథాలయం వంటి వాటిపై నిలుస్తుంది. ఆ వైభవాన్ని నిలబెట్టిన కొట్టాలు, పనిశాలలు అధోజ్ఞాపికలకే పరిమితమవుతాయి. ఈశాన్య వేల్స్‌లో రెక్సామ్ నగర సమీపాన ఉన్న ఎర్దిగ్ ఎస్టేటు ఈ లోపాన్ని సరిదిద్దుకొనే అవకాశం కల్పిస్తుంది. అక్కడి అశ్వశాలను, దానితో ముడిపడిన బగ్గీశాలను ఆధారంగా చేసుకొని యజమాని ప్రతిష్ఠకూ పనివారి శ్రమకూ గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

చారిత్రక నేపథ్యం

ఎర్దిగ్ భవనాన్ని 1684–87 మధ్యకాలంలో జాషువా ఎడిస్‌బరీ కట్టించాడు. అప్పులపాలైన ఆయన దానిని నిలుపుకోలేకపోయాడు. అనంతరం లండన్ న్యాయవాది జాన్ మెల్లర్ ఎస్టేటును కొన్నాడు. 1733లో మెల్లర్ మరణించగా అది ఆయన మేనల్లుడు సైమన్ యార్క్‌కు సంక్రమించింది. ఆ వంశీయుడైన మొదటి ఫిలిప్ యార్క్ కాలంలో, 1774లో, ఇటుకలతో అశ్వశాల ప్రాంగణం నిర్మితమైంది. దాని చేరువలోనే వడ్రంగిశాల, కమ్మరికొలిమి వంటివి ఉన్నాయి.

నిర్మాణ సూత్రాలు

బగ్గీశాల కేవలం బండ్లు నిలిపే కొట్టం కాదు. ఆనాటి బ్రిటిష్ ఎస్టేట్లలో దాని నిర్మాణం కొన్ని అవసరాలను అనుసరించి సాగేది. బగ్గీ ఎత్తు, వెడల్పులకు తగినట్లు విశాలమైన ద్వారాలు పెట్టేవారు. గుర్రాల మూత్రం నుండి వెలువడే అమ్మోనియా బగ్గీల రంగునూ మెరుగునూ పాడుచేస్తుంది. అందువల్ల గుర్రాలు కట్టే చోటికీ బగ్గీలు ఉంచే చోటికీ మధ్య గోడ తప్పనిసరి. జీను, కళ్లెం మొదలైన తోలు సామాను తేమకు చెడకుండా ప్రత్యేకమైన గది, అందులో నిప్పుగూడు ఉండేవి. పై అంతస్తులో ఎండుగడ్డి నిల్వ చేసేవారు. చాలాచోట్ల గుర్రపువాళ్ల పడకలూ అక్కడే. బండి రంగుకూ తోలుకూ చూపిన శ్రద్ధ గోడల్లో కనిపిస్తుంది. గుర్రాల నెత్తిన, గడ్డి పక్కన నిద్రించిన మనిషి స్థానం కూడా ఆ అమరికలోనే తెలుస్తుంది.

చిత్తరువుల సాక్ష్యం

ఎర్దిగ్‌కు ప్రత్యేకత తెచ్చినవి పనివారి చిత్తరువులు. 1791–96 మధ్య ఫిలిప్ యార్క్, డెన్‌బీకి చెందిన జాన్ వాల్టర్స్ చేత వాటిని గీయించి, పద్యాలు తానే రచించాడు. కమ్మరి విలియం విలియమ్స్, వడ్రంగి ఎడ్వర్డ్ ప్రిన్స్ మొదలైనవారు ఈ విధంగా పేర్లతో చరిత్రకెక్కారు. అయితే వీటి సరసనే కొమ్ముబూర ధరించిన నల్లజాతి బండి కుర్రవాని చిత్తరువు ఉంది. అతడు మెల్లర్ కొలువులో ఉండేవాడని చెబుతూనే, అతని గురించి తెలిసింది స్వల్పమని యార్క్ పద్యం అంగీకరిస్తుంది. మెల్లర్ మరణించిన నాలుగు దశాబ్దాలకు గాని 1774 నాటి కట్టడం వెలియలేదు. కాబట్టి అతనిని ఈ ప్రాంగణపు పనివానిగా భావించడం కాలక్రమానికి విరుద్ధం. యజమాని ఆదరణ కొందరికి పేరునిచ్చింది. ఇతనికి రూపాన్ని మాత్రమే మిగిల్చింది. శ్రమచరిత్ర రాసేవారు ఈ వ్యత్యాసాన్ని విస్మరించరాదు.

ముగింపు

మూడవ ఫిలిప్ యార్క్ 1973లో ఎస్టేటును నేషనల్ ట్రస్టుకు అప్పగించాడు. బెర్షామ్ బొగ్గుగని తవ్వకాల వల్ల కుంగిన భవనాన్ని మరమ్మతు చేసి 1977లో సందర్శకులకు తెరిచారు. సందర్శకులను ముఖద్వారం గుండా కాక పనిశాలలు, అశ్వశాల ప్రాంగణం మీదుగా భవనంలోకి నడిపించారు. ఇది సౌకర్యానికి సంబంధించిన ఏర్పాటుగా మాత్రమే కనిపించవచ్చు. కాని ఏ ద్వారం నుండి ప్రవేశిస్తామో ఆ వైపు నుండే చరిత్ర మనకు అర్థమవుతుంది. బగ్గీశాల మీదుగా వెళ్లినవారికి భవన వైభవం కంటే ముందు దానిని మోసిన చేతులు కనిపిస్తాయి. కట్టడాల పరిరక్షణలో పెరటి నిర్మాణాలకు సమాన ప్రాధాన్యం అవసరమని ఎర్దిగ్ నిరూపిస్తున్నది.