గంజాయి, చివర ఒక ‘ఏ’

‘గంజాయి వనంలో తులసి మొక్క’ అనని తెలుగువాళ్లు లేరు. ఆ మొక్కను చూసినవాళ్లే తక్కువ. మాట సంస్కృతం ‘గంజా’ నుంచి వచ్చింది. 1845 నుంచి కూలీలుగా ఓడలెక్కిన భారతీయులతో జమైకా చేరి, అక్కడా ‘గంజా’గానే నిలబడింది. మన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలే. కొస లేని ఆకు లెక్కలోకి రాదు. ఉత్తరాదిన లైసెన్సుతో నడిచే భంగు దుకాణాలు బతికేది ఆ సందులోనే.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ మొక్క సరుకు డబ్బాల మీద కనిపించే మాట వేరు: టీహెచ్‌సీఏ. చివరి ‘ఏ’ అంటే యాసిడ్. పచ్చి మొక్కలో ఎక్కువగా ఉండేది ఇదే, దీనికి మత్తు లేదు. సెగ తగిలితే కార్బన్ డయాక్సైడ్ ఊడిపోయి, మత్తెక్కించే టీహెచ్‌సీ అవుతుంది. 2018 నాటి అక్కడి చట్టం 0.3 శాతం హద్దు పెట్టింది టీహెచ్‌సీకి. వ్యాపారం ‘ఏ’ తోక పట్టుకుని గట్టెక్కింది. 2025 నవంబరులో సవరించి తోకనూ లెక్కలో కలిపారు.

లేబుల్ మీద టీహెచ్‌సీ 0.2, టీహెచ్‌సీఏ 20 శాతం అని ఉందనుకోండి. కార్బన్ డయాక్సైడ్ ఊడాక మిగిలే బరువు కోసం 20ని 0.877తో గుణించి 0.2 కలిపితే 17.74. అసలు ఘాటు అదీ! అదే బ్యాచ్ నంబరుతో, బయటి ల్యాబ్ పురుగుమందులు, సీసం, బూజు చూసి ఇచ్చిన కాగితం లేకపోతే ముట్టుకోకపోవడమే మేలు. పొరపాటున సూట్‌కేసులో వచ్చిందా, శంషాబాద్‌లో ఆ ‘ఏ’ గురించి వాదిస్తే వినేవాళ్లుండరు.